తొందరగా వచ్చిన టీకాలో ఏ పని ఎగ్గొట్టారో అడగాలి

తమ్ముడూ, నువ్వు మూడు ప్రశ్నలు ఒకేదాంట్లో కలిపి అడిగావు. పోయిన వానాకాలం మీ పెద్దబాబుకు డెంగ్యూ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, మిర్యాలగూడ నుంచి నల్లగొండకు తీసుకెళ్లి అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో డెంగ్యూ టీకా ట్రయల్ నడుస్తోందని విని, కొవిడ్ టీకాలాగా దాన్ని కూడా ఆగమాగం ఆమోదిస్తే వేయించాలా వద్దా అన్నావు. మీ బావ కొవిడ్ సూది వేయించుకున్న ఏడాదికి గుండెపోటుతో పోయాడు, ఊళ్లో అందరూ సూది వల్లే అంటున్నారు, నిజమేనా అన్నావు. చివర్లో మాటవరసకు అన్నట్టు, ఈ భయంతోనే మీ ఇంట్లో ఆమె చిన్నపాపకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు వేయించకుండా వాయిదా వేస్తోందని రాశావు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ చివరి మాట. దాని దగ్గరికి వస్తాను, కానీ ముందు మిగతావి తేల్చకుండా అది చెబితే మీ ఇంట్లో ఆమెకు నమ్మకం కుదరదు.

నేను దేవరకొండ, నల్లగొండ వైపు పీహెచ్‌సీల్లో డాక్టరుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. పిల్లల టీకాల పని, టీకా తర్వాత ఎవరికైనా ఏమైనా అయితే వెళ్లి చూసి రిపోర్టు రాసే పని, రెండూ చేశాను. కాబట్టి టీకాలన్నీ అమృతం అని చెప్పేవాళ్ల మాటా, అన్నీ విషం అని చెప్పేవాళ్ల మాటా నాకు నచ్చదు.

మామూలుగా టీకా రావడానికి పదేళ్లు పడుతుంది, కొవిడ్‌ది ఏడాదిలో వచ్చింది, అంటే తొమ్మిదేళ్ల పరీక్షలు ఎగ్గొట్టారు అని చాలామంది లెక్క. ఆ పదేళ్లలో ఎక్కువ భాగం పరీక్ష కాదు, ఎదురుచూపు. మొదటి దశ అయ్యాక రెండో దశకు డబ్బు ఎవరిస్తారని కంపెనీ ఏడాది తిరుగుతుంది, ఫైలు ఒక టేబుల్ మీద నెలల తరబడి ఉంటుంది, వాలంటీర్లు దొరకరు, దొరికినా ఆ జబ్బు ఊళ్లో తక్కువగా ఉంటే టీకా పనిచేసిందో లేదో తేల్చేన్ని కేసులు రావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. కొవిడ్‌లో ఇవన్నీ తారుమారయ్యాయి. వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండో వారానికే అందరికీ అందింది, డబ్బు ప్రభుత్వాలు ముందే పోశాయి, టీకా పనిచేస్తుందో లేదో తెలియకముందే ఫ్యాక్టరీలో తయారీ మొదలుపెట్టారు, పనిచేయకపోతే పారబోద్దామని. జబ్బు ఎక్కడ చూసినా ఉంది కాబట్టి కేసులు ఇట్టే పోగయ్యాయి. ఫైజర్ ట్రయల్‌లో 43 వేల మందికి పైగా ఉంటే, ఫలితం తేల్చడానికి సరిపోయిన కేసులు 170 మాత్రమే: ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో 162, టీకా వేసినవాళ్లలో 8. ఆ తేడా చూడ్డానికి పదేళ్లు అక్కర్లేదు. ఫైజర్ టీకా తయారైన ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతి మీద పని అప్పటికే దశాబ్దాలుగా జరుగుతోంది, దానికి పునాది వేసిన కారికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ ఇచ్చారు.

పది ట్రాక్టర్లు తెచ్చి దున్నకం ఒక్క పొద్దులో ముగించొచ్చు, కూలీలను ఎక్కువ పెట్టి నాట్లూ ముగించొచ్చు, కానీ వరి పొట్టకు రావడానికి దాని రోజులు దానికి కావాలి కదా. టీకాలో కూడా అట్లా తొందర పెట్టలేని పని ఒకటుంది: వేసిన మనుషులను కనిపెట్టుకుని ఉండటం. అందుకే ఎవరైనా కొత్త టీకా తొందరగా వచ్చిందంటే నేను అడిగేది ఒక్కటే, ఏది తగ్గించారు? ఫైళ్ల ఎదురుచూపు తగ్గిస్తే సంతోషం. మనుషులను గమనించే కాలం తగ్గిస్తే అనుమానించాలి. తయారీలో చెకింగ్ తగ్గిస్తే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

ఎంతకాలం గమనిస్తే చాలు అన్నది టీకాను బట్టి, జబ్బును బట్టి మారుతుంది. చాలా టీకాలకు తీవ్రమైన ఇబ్బంది వస్తే మొదటి ఆరు వారాల్లోనే వస్తుందని ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది, అందుకే అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ కొవిడ్ టీకాలకు రెండో డోసు తర్వాత కనీసం సగం మందినైనా రెండు నెలలు చూడకుండా అనుమతి అడగొద్దని గీత గీసింది. దాన్ని నేను సమర్థిస్తాను. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. ట్రయల్‌లో 30 వేల మంది ఉంటే వాళ్లలో సగం మందికే అసలు టీకా పడుతుంది, అంటే 15 వేలు. ఆ 15 వేల మందిలో ఒక్కరికి కూడా ఫలానా ఇబ్బంది రాలేదంటే, అది 5 వేలలో ఒకరికంటే ఎక్కువగా రాదు అని మాత్రమే గట్టిగా చెప్పగలం. లక్షలో ఒకరికి వచ్చేది ఆ ట్రయల్‌కు కనిపించదు. పదేళ్లు నడిపినా కనిపించదు, ఎందుకంటే అక్కడ తక్కువైంది మనుషులు, ఏళ్లు కాదు. కాబట్టి ఏ టీకా అయినా, నిదానంగా వచ్చింది అయినా, అరుదైన హాని బయటపడేది జనంలోకి వచ్చాకే. 1998లో అమెరికాలో రోటాషీల్డ్ అనే విరేచనాల టీకా పద్ధతి ప్రకారమే ఆమోదం పొంది వచ్చింది, పసిపిల్లల్లో సుమారు 10 వేలలో ఒకరికి పేగు మడతపడుతోందని తేలి ఏడాది తిరక్కుండానే ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన రెండు రోటా టీకాలను ఒక్కోదాన్ని 60 వేలకు పైగా పసిపిల్లల మీద పరీక్షించాల్సి వచ్చింది.

ఇక తొందర నిజంగా ముంచిన కథలు.

1955 ఏప్రిల్ 12న అమెరికాలో సాల్క్ పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించారు. అదే రోజు, గంటల్లోనే లైసెన్సులు ఇచ్చారు. ట్రయల్ ఏమీ చిన్నది కాదు, లక్షల మంది పిల్లల మీద చేశారు. లోపం తయారీ దగ్గర వచ్చింది. ఈ టీకాలో వైరస్‌ను ఫార్మాలిన్ అనే రసాయనంతో చంపాలి. కాలిఫోర్నియాలోని కట్టర్ లేబొరేటరీస్ చేసిన కొన్ని బ్యాచ్‌లలో వైరస్ చావలేదు. బతికున్న పోలియో వైరస్‌నే పిల్లలకు ఎక్కించారు. సుమారు 200 మందికి చేతులో కాళ్లో చచ్చుబడ్డాయి, 10 మంది చనిపోయారు. అందులో నన్ను ఇప్పటికీ కలచివేసేది వేరే సంగతి. ప్రభుత్వ ల్యాబ్‌లో పనిచేసే బెర్నిస్ ఎడ్డీ అనే శాస్త్రవేత్త ఆ కంపెనీ శాంపిళ్లను కోతుల మీద పరీక్షించి, కోతులకు పక్షవాతం వస్తోందని ముందే పైవాళ్లకు చెప్పింది. వాళ్లు పట్టించుకోలేదు. చూడాల్సిన మనిషి చూసింది, చెప్పింది, దేశమంతా టీకా కోసం ఎదురుచూస్తున్న ఆ ఊపులో ఆమె మాట వినేవాళ్లు లేకపోయారు. ఇప్పుడు మన దగ్గర ప్రతి టీకా బ్యాచ్‌ను బయటికి వదలకముందు ప్రభుత్వ ల్యాబ్‌లో చెక్ చేయాలి, హిమాచల్‌లోని కసౌలీ ల్యాబ్ పేరు వినే ఉంటావు. బయటివాళ్లకు అది ఆలస్యంలా కనిపిస్తుంది. కొవిడ్ టైంలో "స్టాకు కసౌలీలో ఆగింది" అని తిట్టుకున్నవాళ్లను నేను చూశాను. ఆ ఆగడం మన మంచికే.

1976ది ఇంకో రకం తొందర. న్యూజెర్సీలో ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూతో ఒక సైనికుడు చనిపోయాడు, 1918 నాటి మహమ్మారి మళ్లీ వస్తుందన్న భయంతో దేశమంతటికీ టీకా వేద్దామన్నారు. అక్టోబరులో మొదలుపెట్టి నాలుగు కోట్ల మందికి పైగా వేశారు. వాళ్లలో లక్షకు ఒకరు చొప్పున అదనంగా గిలాన్ బారే వచ్చింది, అంటే నరాలు పట్టు తప్పి కాళ్లూ చేతులూ పడిపోయే జబ్బు. డిసెంబరులో ఆపేశారు. లక్షకు ఒకరు అంటే చిన్న సంఖ్యే, కానీ ఆ ఫ్లూ శిబిరం దాటి రానే లేదు. రాని జబ్బు కోసం లక్షకు ఒకరిని బలిపెట్టినా ఎక్కువే. అదే 2021 మే నెలలో, ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రోడ్ల మీద తిరుగుతున్నప్పుడు, లక్షకు ఒకరు అన్న మాటకు వేరే బరువు. టీకా ముప్పు ఎంత అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే, జబ్బు గుమ్మం దగ్గరికి వచ్చిందా లేదా అన్నది మిగతా సగం.

ఇప్పుడు డెంగ్యూ. ఇది నువ్వు జాగ్రత్తగా చదువు, ఎందుకంటే టీకాల్లో తొందర ఎక్కువ ప్రమాదమైనది డెంగ్యూలోనే.

డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు. కానీ కొన్నేళ్లకు రెండో రకం వస్తే, మొదటిసారి తయారైన యాంటీబాడీలు దాన్ని ఆపలేకపోగా వైరస్ కణాల్లోకి దూరడానికి దారి చూపిస్తాయి. అందుకే రెండోసారి వచ్చే డెంగ్యూ ముదిరే ముప్పు ఎక్కువ. ఇప్పుడు ఆలోచించు, టీకా కూడా శరీరానికి డెంగ్యూను పరిచయం చేసేదే. నాలుగు రకాల మీదా సమానంగా రక్షణ ఇవ్వకపోతే, డెంగ్యూ ఎప్పుడూ రాని పిల్లవాడికి ఆ టీకాయే మొదటి డెంగ్యూలా పనిచేస్తుంది, ఆ తర్వాత నిజంగా కుట్టిన దోమ రెండోదవుతుంది. ఈ హాని ఆరు వారాల్లో కనిపించదు. రెండు నెలలు, ఆరు నెలలు చూసి "అంతా బాగానే ఉంది" అంటే దానికి అర్థమే లేదు, ఎందుకంటే ఆ పిల్లవాడికి అసలు డెంగ్యూ దోమ కుట్టే సీజన్లు రెండు మూడు గడవాలి.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది ఇదే. సనోఫీ కంపెనీ డెంగ్‌వాక్సియాకు అక్కడ 2015 డిసెంబరులో లైసెన్సు వచ్చింది, 2016 ఏప్రిల్‌లో స్కూళ్లలో వేయడం మొదలుపెట్టారు. నాలుగు నెలల్లో అంత పెద్ద కార్యక్రమం. 8 లక్షల మందికి పైగా పిల్లలకు పడింది. చిన్న వయసు పిల్లల్లో మూడో ఏడాదికి ఆస్పత్రిలో చేరే కేసులు పెరుగుతున్నాయన్న సంకేతం ట్రయల్‌లో 2015లోనే కనిపించింది, అందుకే తొమ్మిదేళ్లు దాటినవాళ్లకే అని వయసు గీత పెట్టారు. అసలు కారణం వయసు కాదు, అప్పటికి డెంగ్యూ వచ్చి ఉందా లేదా అన్నది. డెంగ్యూ మీద జీవితమంతా పనిచేసిన స్కాట్ హాల్‌స్టెడ్ లాంటివాళ్లు ఈ ప్రమాదం గురించి ముందే హెచ్చరించారు. 2017 నవంబరు చివర్లో కంపెనీయే ఒప్పుకుంది: ముందు డెంగ్యూ వచ్చినవాళ్లకు ఈ టీకా మేలు చేస్తుంది, రానివాళ్లకు తీవ్రమైన డెంగ్యూ ముప్పు పెంచుతుంది. కార్యక్రమం ఆగిపోయింది. పిల్లలకు సూది వేయించిన తల్లులు స్కూళ్ల ముందుకు, ఆస్పత్రుల ముందుకు వచ్చి, మా పిల్లవాడికి ముందు డెంగ్యూ వచ్చిందో లేదో మాకెలా తెలుస్తుంది అని అడిగారు. జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు, ఎందుకంటే టీకాకు ముందు ఎవరికీ రక్తం పరీక్ష చేయలేదు.

దాని తర్వాత జరిగింది ఇంకా ఘోరం. అక్కడి జనం డెంగ్యూ టీకా మీదే కాదు, అన్ని టీకాల మీదా నమ్మకం పోగొట్టుకున్నారు. టీకాలు ముఖ్యం అని గట్టిగా నమ్మేవాళ్లు 2015లో 93 శాతం ఉంటే 2018కి 32 శాతానికి పడిపోయారని సర్వేలో తేలింది. 2019లో తట్టు విరుచుకుపడి పిల్లలు చనిపోయారు. తట్టు టీకాకు ఏ దోషమూ లేదు. పక్క టీకా చేసిన తప్పుకు తట్టు టీకా వేయించుకోని పసిపిల్లలు పోయారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఇదే అని నాకు భయం.

మన దగ్గర నడుస్తున్న ట్రయల్ సంగతి. పనేషియా బయోటెక్ కంపెనీ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కలిసి చేస్తున్న ఆ టీకా పేరు డెంగీఆల్, మూడో దశ 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది. 19 చోట్ల 10,335 మంది పెద్దవాళ్ల మీద, ఒక్కొక్కరినీ రెండేళ్లు గమనించాలని ప్రణాళిక. ఇది నాలుగు రకాల బలహీనపరిచిన వైరస్‌లతో చేసింది, మూలం అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌ది. అదే మూలం ఉన్న టీకాను బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ 2016 నుంచి 16 వేల మందికి పైగా మీద ఏళ్ల తరబడి గమనించింది, కాబట్టి గాలిలోంచి ఊడిపడింది కాదు. రెండేళ్లు గమనిస్తామనడం నాకు నచ్చింది. ఎవరైనా రాజకీయ ఒత్తిడితో ఆ రెండేళ్లను ఆరు నెలలు చేస్తే అప్పుడు నువ్వు భయపడు, నేనూ భయపడతాను. ఇంకో మాట, ట్రయల్ పెద్దవాళ్ల మీద. రేపు ఆమోదం వచ్చినా మీ బాబు వయసు పిల్లలకు వేరే పరీక్షలు జరగాలి. "పెద్దవాళ్లకు బాగానే ఉంది, పిల్లలకూ వేసేద్దాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. జపాన్ టకేడా కంపెనీ క్యూడెంగా అనే ఇంకో డెంగ్యూ టీకాను తయారు చేయడానికి హైదరాబాద్ బయోలాజికల్ ఇ 2024లో ఒప్పందం చేసుకుంది, దాని గురించి కూడా ఇదే ప్రశ్న: ముందు డెంగ్యూ రానివాళ్లలో నాలుగు రకాల మీదా విడివిడిగా ఏం చూపించారు? మొత్తం కలిపి ఇంత శాతం పనిచేసింది అన్న ఒక్క అంకె చూసి సంబరపడొద్దు.

మీ పెద్దబాబుకు ఒకసారి వచ్చింది కాబట్టి అతని లెక్క వేరు. అప్పటి ఎన్‌ఎస్‌1 (డెంగ్యూ రక్తపరీక్ష) రిపోర్టు, డిశ్చార్జి కాగితం పారేయకు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచు. రేపు ఏ డెంగ్యూ టీకా వచ్చినా ముందు వచ్చిందా లేదా అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. నీకు నిరూపించే కాగితం ఉంటుంది. చాలామందికి ఉండదు. అప్పటిదాకా, రెండోసారి రాకుండా చూసుకోవడం మీ ఇంటి వెనక గోళాల్లో, కూలర్లో, పాత టైర్లలో ఉంది. శుక్రవారం డ్రై డే అని ఆశా వచ్చి చెబితే విసుక్కోకుండా నీళ్లు పారబోసి, గోళెం గోడలు పీచుతో రుద్ది కడుగు, దోమ గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, ఊరికే ఒంపితే పోవు.

మన దేశంలో కొవిడ్ టీకాల మాట కూడా దాచకుండా చెబుతాను. 2020 జులై 2న ఐసీఎంఆర్ నుంచి కొవాగ్జిన్ ట్రయల్ చేయాల్సిన 12 ఆస్పత్రులకు ఒక ఉత్తరం వచ్చింది, అందులో మన నిమ్స్ కూడా ఉంది. ఆగస్టు 15 నాటికి టీకా ప్రజలకు అందించాలని అందులో రాశారు. అప్పటికి మనుషుల మీద మొదటి దశ కూడా మొదలవలేదు. ఆరు వారాల్లో మూడు దశలు ఎలా అవుతాయి? ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆ గడువును బహిరంగంగా తప్పుపట్టింది, తర్వాత వెనక్కి తగ్గారు. జెండా పండుగకు టీకా రావాలనుకోవడం శాస్త్రం కాదు. మళ్లీ 2021 జనవరి 3న కొవిషీల్డ్‌తో పాటు కొవాగ్జిన్‌కూ అనుమతి ఇచ్చారు, అప్పటికి కొవాగ్జిన్ మూడో దశలో టీకా ఎంత రక్షిస్తుందో ఫలితం రాలేదు. "క్లినికల్ ట్రయల్ మోడ్" అని ఒక మాట పెట్టారు, వేయించుకునేవాళ్లతో కాగితం మీద సంతకం చేయించారు. తర్వాత ఫలితాలు వచ్చాయి, 25,800 మంది ట్రయల్‌లో 77.8 శాతం అని తేలింది, ఆ నవంబరులో డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఒప్పుకుంది. టీకా మంచిదే అయింది. అయినా ఆ రోజు ఆ అనుమతి ఇచ్చిన తీరు తప్పు అనే నేను అంటాను. ఫలితం బాగా రావడం వేరు, చూడకముందే సరే అనడం వేరు. ఆ తొందర వల్ల ఊళ్లలో మంచి టీకా మీద కూడా అనుమానం పడింది, ఆ అనుమానాన్ని మోసింది ఎండలో తండాలు తిరిగిన ఏఎన్‌ఎంలు, ఆశాలు.

ఒక తండాలో జరిగింది చెబుతాను. స్కూలు వరండాలో క్యాంపు, బల్ల మీద వ్యాక్సిన్ క్యారియర్, పక్కన ట్రేలో అడ్రినలిన్ ఇంజెక్షన్, వేయించుకున్నవాళ్లు అరగంట కూర్చోవడానికి బెంచీలు. ఒక పెద్దమ్మ వరుసలో తన వంతు వచ్చాక చెయ్యి ఇవ్వకుండా నిలబడి, "సారూ, నాకేమన్నయితె ఎవలు జిమ్మెదారు? రాసియ్యి" అంది. వెనకవాళ్లు నవ్వారు, నవ్వొద్దన్నాను. ఆమె అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. జరం వస్తుంది, చెయ్యి నొస్తుంది, రెండు రోజుల్లో పోతుంది, చాలా అరుదుగా పెద్ద ఇబ్బంది రావొచ్చు, వస్తే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి, నేను వస్తాను అని మా ఏఎన్‌ఎం నంబరూ, నా నంబరూ కాగితం మీద రాసి ఇచ్చాను. వేయించుకుంది. రాత్రి ఫోన్ చేసింది, జరమొచ్చిందని. పారాసెటమాల్ చెప్పాను, తెల్లారి మళ్లీ నేనే చేశాను. ఆ తర్వాత ఆ తండాలో మమ్మల్ని ఆపినవాళ్లు లేరు. "ఏమీ కాదు, ఏమీ కాదు" అని చెప్పిన చోట మాత్రం ఒక్కరికి జరం వచ్చినా ఊరంతా తలుపులు వేసుకుంది.

అడిగి చెప్పకుండా సూది వేస్తే ఏమవుతుందో మన పక్క జిల్లానే చూసింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు కింద వేశారు, చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు అమ్మాయిలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణలో ఆ చావులకు టీకాతో సంబంధం తేలలేదు, పాము కాటు, పురుగుమందు, నీళ్లలో మునగడం లాంటి కారణాలు బయటపడ్డాయి. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని కూడా తేలింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిది, ప్రపంచమంతా వాడుతున్నారు. సంతకం అడ్డదారిలో తీసుకున్నందుకు మన అమ్మాయిలకు అది అందడం ఏళ్ల తరబడి వెనక్కి పోయింది.

మీ బావ సంగతి. ముందుగా, అంత చిన్న వయసులో పోవడం ఎంత బాధో నేను అర్థం చేసుకోగలను, ఊళ్లో జనం కారణం వెతకడంలో తప్పు లేదు. కొవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు రావొచ్చన్నది నిజమే. 2021 వసంతంలోనే యూరప్‌లో తేలింది, 2024లో లండన్ కోర్టులో ఆ టీకా అసలు కంపెనీ ఆస్ట్రాజెనెకా ఒప్పుకుందని టీవీల్లో మోగింది అదే, కొత్త సంగతి కాదు. కానీ అది వస్తే ఎక్కువగా మొదటి డోసు వేసిన నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు వస్తుంది. ఏడాది తర్వాత వచ్చిన గుండెపోటుకు దాన్ని కారణం చూపలేం. యువకుల్లో గుండె కండరం వాపు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో ఎక్కువగా కనిపించింది, మన ఊళ్లలో వేసింది అవి కాదు. ఐసీఎంఆర్ 47 ఆస్పత్రుల్లో, 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయినవాళ్ల మీద అధ్యయనం చేసి 2023లో ప్రచురించింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. పెరిగింది కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లలో, ఇంట్లో అలాంటి చావులున్నవాళ్లలో, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో బాగా తాగినవాళ్లలో, విపరీతంగా ఒళ్లు శ్రమ పెట్టినవాళ్లలో. మీ అక్కకు చెప్పు, పిల్లలు పెద్దయ్యాక బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించడం మానొద్దని. కుటుంబంలో ఒకరు అలా పోతే మిగతావాళ్లకు చెకప్ అవసరం, ఊరి మాటల్లో పడి ఆ పని మర్చిపోతారు.

టీకా తర్వాత ఏదైనా జరిగితే, ఎవరికైనా సరే, ఊళ్లో చెప్పుకోవడంతో ఆపొద్దు. ఏఎన్‌ఎంకు చెప్పండి, పీహెచ్‌సీలో ఏఈఎఫ్‌ఐ (టీకా తర్వాత వచ్చిన ఇబ్బంది) కింద రాయించండి. అది జిల్లా కమిటీకి పోవాలి, కారణం తేల్చాలి. చనిపోతే పోస్ట్‌మార్టం అడగండి, వద్దనుకుంటే కారణం ఎప్పటికీ తేలదు. రాయడానికి ఎవరైనా వెనకాడితే కాగితం మీద దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. 2022 మే 2న సుప్రీంకోర్టు జాకబ్ పులియెల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ, ట్రయల్ వివరాలు బయటపెట్టాలనీ, దుష్ప్రభావాల రిపోర్టులు జనం చూసేలా, వాళ్లే నమోదు చేసుకునేలా ఏర్పాటు ఉండాలనీ చెప్పింది. ఆ హక్కు వాడుకోవాలి. అమెరికాలో 2021 ఏప్రిల్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ టీకా 68 లక్షల డోసులు వేశాక ఆరుగురికి గడ్డకట్టే జబ్బు కనిపించగానే దేశమంతా తాత్కాలికంగా ఆపి చూశారు. 68 లక్షల్లో ఆరు పట్టుకోగలిగారంటే అక్కడ ప్రతి కేసూ ఎవరో ఒకరు రాసి పంపారు కాబట్టి. మన దగ్గర రాయకపోతే లేనట్టే.

ఇక చిన్నపాప. ఎంఆర్ కొత్త టీకా కాదు, తొందరగా వచ్చింది అసలే కాదు. తట్టు టీకా 1963 నుంచి ఉంది, కోట్ల మంది పిల్లలకు పడింది, లక్షలో ఒకరికి వచ్చేది, పది లక్షల్లో ఒకరికి వచ్చేది కూడా తెలిసిపోయిన టీకా. 2017లో మన రాష్ట్రంలో ఎంఆర్ క్యాంపెయిన్ నడిచినప్పుడు వాట్సాప్‌లో ఇవే పుకార్లు తిరిగాయి, అప్పుడూ ఎక్కువ నష్టపోయింది టీకా ఆపిన ఇళ్ల పిల్లలే. రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేయాలి, పాపకు అది దాటిపోతోంది అని నీ లెక్కను బట్టి అనిపిస్తోంది, దాటినా ఫర్వాలేదు, వేస్తారు. మీ ఇంట్లో ఆమెను నువ్వు కసురుకోకు, ఆమెను తీసుకునే వెళ్లు. బుధవారం గానీ శనివారం గానీ సబ్‌సెంటర్లో ఉంటారు. వయల్ మీద చిన్న గుర్తు ఉంటుంది, గుండ్రంగా, లోపల చదరం. లోపలి చదరం బయటి వలయం కంటే లేతగా ఉంటే టీకా వేడికి చెడిపోలేదని అర్థం, సిస్టరును అడిగి ఆమెను స్వయంగా చూడమను. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. తల్లీబిడ్డ కార్డు మర్చిపోకుండా పట్టుకెళ్లు, సిస్టరు నంబరు కార్డు వెనక రాయించుకో.